నడిచిన గోడ

ప్రతీక్ష అనే పిల్ల మిషన్‌కు అచ్చిన దినం నేను పసుపుల నీళ్లు మలుపుతున్న. పొద్దు ఇంక మోదుగు చెట్ల మీదికి ఎక్కలె. పార మీద చెయ్యి పెడితే ఇనుము సల్లగ తగిలింది.

మా పొలానికి, మిషన్ పొలానికి నడుమ ఒక రాళ్ల గోడ ఉన్నది. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి. రోడ్డు కాడ మొదలై వాగు దాకా పోతది. నా అడుగులతోని మున్నూట పన్నెండు. ఎత్తు నా రొమ్ము దాకా అస్తది. ఆ గోడ మీదికెళ్లి చూస్తే మిషన్ పిల్లలు ఆడుకునేది, పళ్లు తోముకునేది, బట్టలారేసేది అంత కనవడతది. నేను చిన్నప్పటి నుంచి చూసుకుంటనే ఉన్న.

మిషన్ అంటే చర్చి వాళ్లు నడిపే పిల్లల ఆశ్రమం. ఇస్లాపూర్ నుంచి అడివి దిక్కు పోయే రోడ్డు మీద, మా ఊరి పొలిమేరల ఉంటది. అవ్వ అయ్య లేని పిల్లలు, ఉన్నా చెరుకు కొట్ట దేశం పట్టుకొని పోయినోళ్ల పిల్లలు, అరవై మంది దాకా ఉంటరు. వాళ్లను చూసుకునేది త్రివేణి తాయి. తాయి అంటే మరాఠీల అక్క. అరవై దాటినా ఊరంతటికి తాయే. ఆమె గూడ ఆరేండ్ల వయసుల ఆడికి అచ్చిన పిల్లనే. సదువుకొని, టీచరై, మళ్ల ఆడికే అచ్చింది.

ఆడ ఒక పద్ధతి ఉన్నది. కొత్తగ అచ్చిన పిల్లనో పిలగాడో మొదటి దినం బువ్వ తినకముందు పొలంలకు పోవాలె. తన చేతులకు లేచేటి రాళ్లల్ల అన్నిటికన్న పెద్దది తనే ఏరుకొని, తెచ్చి గోడ మీద పెట్టాలె. ఎవ్వరు చెయ్యి పట్టొద్దు. ఆ రాయి ఇగ ఆ పిల్లది. దాని మీద పేరు రాయరు. కని ఎవరి రాయి ఏదో వాళ్లకు ఎరుకే ఉంటది.

ఆ దినం ఈ పిల్ల ఒక రాయిని గౌను ఒళ్లె ఏసుకొని, రెండు చేతులతోని పట్టుకొని, బాతు లెక్క నడుచుకుంట అచ్చింది. ఐదేండ్లు ఉంటయేమో. మూడుసార్లు దించింది, మూడుసార్లు ఎత్తింది. పెద్ద పిల్లలు ఎనుక వరుసగ నిలవడి సప్పుడు చెయ్యకుంట చూస్తున్నరు. గోడ ఎత్తు అందక ఆ పిల్ల ఒక రాయి మీద కాలు పెట్టి ఎక్కి, దాన్ని పైన పెట్టింది. రాయి అటు ఇటు ఊగింది.

"ఊగుతున్నది బిడ్డా," అన్నది తాయి. "కింద ఒక పెచ్చు దోపు."

పిల్ల కిందికి దిగి, నేలంత దేవులాడి, వేలంత రాతి పెచ్చు తెచ్చి దోపింది. రాయి నిలిచింది. అప్పుడు తలెత్తి గోడ అవతల ఉన్న నన్ను చూసింది.

"తాతా, ఇది నాది," అన్నది.

నేను తల ఊపిన. నాకు మాటలు తక్కువ. ఎందుకు తక్కువనో ఇప్పుడు చెప్త.

*

ఆ జాగ మిషన్‌కు ఇచ్చిన పటేల్, పనికి రాదని ఇచ్చిండట. అంత రాళ్లే. గొర్రు దిగేది గాదు. మిషన్ పెట్టను మొదట అచ్చిన తెల్లచీర పెద్దమ్మ, పదకొండు మంది పిల్లలతోని, శనివారం శనివారం రాళ్లు ఏరిచ్చింది. ఏరిన రాళ్లతోని మా దిక్కు గోడ పెట్టిచ్చింది. పిల్లలకు ఒక్కటే మాట చెప్పేదట: మన రాయి పక్కోని భూమి మీద పడొద్దు. పెద్దమ్మ చచ్చిపోయి నా పెండ్లికంటె ఎక్కువేండ్లు అయింది. కని శనివారం ఆగలె, ఆ మాటా ఆగలె.

మాది వాగు ఒడ్డు పొలం. వానకాలం వాగు పొంగినప్పుడల్ల రాళ్లు కొట్టుకస్తయి. మేము దున్నేటప్పుడు తగిలిన రాయిని తీసి గోడ మొదట్లకు ఇసిరేటోళ్లం. మా నాయిన గట్లనే చేసిండు, నేనూ గట్లనే చేసిన. శనివారం నాడు మిషన్ పిల్లలు అచ్చి చూసేటోళ్లు. గోడ నుంచి తమ రాళ్లు జారి మా భూమి మీద పడ్డయనుకునేటోళ్లు. గాబర గాబరగ అన్ని ఏరుకొని, మా దిక్కు వరుస గూడ కొంచెం ఇప్పి, తమ దిక్కు లోపలికి పేర్చుకునేటోళ్లు. ఖాళీ అయిన జానెడు జాగల మా నాగలి తిరిగేది. మళ్ల రాళ్లు తగిలేవి. మళ్ల ఇసిరేటోళ్లం. మళ్ల శనివారం అచ్చేది.

గోడ గిట్ల నడిచింది. ఏడాదికి ఒక జానో మూరనో. రోడ్డు కాడ ఎక్కువ కదలలె, ఆడ రాళ్లు రావు. వాగు కాడికి పోయేసరికి నా అడుగులతోని ముప్పై వాళ్ల దిక్కు పోయింది. ఎవ్వరు ఎవ్వరితోని కొట్లాడలె. వాళ్లు పక్కోని భూమికి భయపడి తమ భూమి ఇడిసిండ్రు. మేము దున్నుకుంట పోయినం.

నేను ఏడో తరగతితోని బడి బందు చేసిన ఏడు, వాగు మూలకు నాగలి ఒక రాయికి తాకి ఆగింది. మన్ను తీసి చూస్తే మామూలు రాయి గాదు. నాలుగు పక్కల చెక్కి ఉన్నది, నెత్తి మీద కూడిక గుర్తు. హద్దురాయి. గోడ దానికి అప్పటికే పది పన్నెండు అడుగుల అవతల ఉన్నది. మా నాయిన అటు చూసిండు, ఇటు చూసిండు. కాలితోని మన్ను నూకి, పైనుంచి రెండు గంపలు పోసి తొక్కిండు.

"నోరు మూసుకో," అన్నడు.

మూసుకున్న. ఒకటి దాచిపెట్టినోనికి తక్కినయి మాట్లాడాలన్నా భయమే, ఎక్కడ జారుతదో అని. నాయిన పోయినా నేను నోరు తెరవలె. ఆ కలిసిన జాగల పసుపు మంచిగ పండుతది. ఏడాదికొకసారి క్రిస్మస్‌కు ఒక మూట పసుపు మిషన్‌కు ఇచ్చి అస్త. తాయి సంబురపడతది. "రామస్వామి, పిల్లలు నీ పేరు చెప్పి ప్రార్థన చేస్తరు తెలుసా," అంటది. నేను చెప్పుల దిక్కు చూస్త.

*

ప్రతీక్ష అచ్చిన వారానికి తాయి గోడ కాడికి అచ్చింది. రెండు మోచేతులు రాళ్ల మీద ఆనిచ్చి నిలవడ్డది.

"అమ్ముతున్నం రామస్వామి."

"ఏంది?"

"రోడ్డు పక్క ఐదెకరాలు. నాందేడ్ రోషన్‌సేట్ తీసుకుంటుండు. గోదాం కడ్తడట."

నేను పార భూమిల గుచ్చి నిలవెట్టిన.

"బయటి నుంచి అచ్చేటి సాయం రెండేండ్ల నుంచి సగం గూడ వస్తలేదు," అన్నది. "చర్చి కమిటోళ్లు నన్ను నాందేడ్ పిలిచిండ్రు. పిల్లలను తగ్గిద్దమా, భూమిని తగ్గిద్దమా అని అడిగిండ్రు. భూమికి ఆకలి గాదు గదా, దాన్నే తగ్గియ్యుండ్రి అన్న. పదేండ్ల దాకా పొయ్యి మండుతది. అటెనుక దేవుడు చూసుకుంటడు."

"బాయి?"

ఆమె నవ్వింది. "నాకు ఎరుకే నువ్వు బాయి గురించే అడుగుతవని. బాయి ఆశ్రమం దిక్కు ఉన్నది, ఐదెకరాలల్ల రాదు. అది పోయేటట్టుంటే నేను సంతకమే పెట్టకపోతుంటి."

ఆ బాయి పెద్దమ్మ తవ్విచ్చింది. ఎండకాలం ఊర్ల బోర్లన్ని ఎండి పడుకున్నా అండ్ల నీళ్లు ఉంటయి. మా ఇంటోళ్లు గూడ రెండు కరువులల్ల ఆడికెళ్లే తెచ్చుకున్నరు. చేంతాడు రాసుకొని గిరక పక్క రాయికి బొటనవేలంత లోతు గీతలు పడ్డయి. నేను ఆ గీతలు ఎన్నిసార్లు చూసిన్నో.

ఆ దినం ఇంటికి పోయి, బువ్వ తినుకుంట, నా పెండ్లాం చంద్రభాగకు హద్దురాయి ముచ్చట చెప్పిన. పొయ్యి కాడ రొట్టె తిప్పుతున్నదల్ల ఆగింది. రొట్టె మాడింది.

"ముప్పై నాలుగేండ్ల సంసారంల నువ్వు నోరు తెరిచి చెప్పిన పెద్ద ముచ్చట ఇదే," అన్నది. "అదీ గిసొంటిది!"

మా కొడుకు యోగేశ్ గడప మీద కూసొని ఇన్నడు. పోయినేడే అప్పు చేసి ఆ పసుపు చెక్కల డ్రిప్ పైపులు ఏసిండు.

"కొలిచేటోళ్లు అస్తరు, చూసుకుంటరు. రాయి దొరకకుంటే గోడనే హద్దు అంటరు. వాళ్లంతల వాళ్లు అంటుంటే మనం కాదందుమా?" అన్నడు. "మనమేం దొంగతనం చెయ్యలె బాపు. వాళ్లే జరుపుకున్నరు."

చంద్రభాగ మాడిన రొట్టె నా పళ్లెంలనే ఏసింది.

*

సంక్రాంతి దాటినంక కొలిచేటాయన అచ్చిండు. భూమి కొలత ఆఫీసు నుంచి. పేరు మయూర్. మా యోగేశ్ కంటె చిన్నోడు. గొలుసు లేదు, కర్రలు లేవు. ఒక పొడుగు కట్టె, దాని నెత్తి మీద తెల్లటి పుట్టగొడుగు లాంటి మిషిని. కట్టె భూమిల గుచ్చి ఆకాశం దిక్కు చూసి నిలవడతడు.

"ఇది ఏం చూస్తది సాహెబ్?" అని అడిగిన.

"పైన తిరిగే శాటిలైట్లను కాకా. ఇప్పుడు పంతొమ్మిది కనవడుతున్నయి దీనికి."

పట్టపగలు. నేను తలెత్తి చూసిన. ఒక్క గద్ద తిరుగుతున్నది. పంతొమ్మిది ఉన్నయంటే ఉన్నయే. అవి ఆడ నుంచి మా వాగు మూల చూస్తున్నయేమో అని రుమాలు కండ్ల మీదికి గుంజుకున్న.

రోషన్‌సేట్ కారు దిగిండు. తెల్లబట్టలు, మంచి మాట. తాయికి వంగి నమస్కారం పెట్టిండు. మూడు మూలల మూడు హద్దురాళ్లు దొరికినయి. నాలుగోది, మా దిక్కు వాగు మూలది, దొరకలె. గోడ చివరకు తవ్వి చూసిండ్రు, లేదు. మయూర్ నక్ష తీసి చాపిండు. మడతల కాడ చినిగి, ఆ మూలనే చిల్లు పడ్డది.

"వాగు మళ్లింది, నక్షల వాగు వేరే ఉన్నది," అన్నడు. "రాయి లేకుంటే చానేండ్ల నుంచి ఉన్న గోడనే పట్టుకోవాలె. పక్క రైతు ఒప్పుకుంటే అయిపోతది."

మిషిని గోడ ఎంబడి తిప్పిండు. లెక్క చూసి తల గీరుకున్నడు.

"గోడ లోపల ఇరవై అయిదు గుంటలు తక్కువ అస్తున్నది."

"కాయిదంల ఐదున్నది సాహెబ్, నాకు ఐదు కావాలె," అన్నడు రోషన్‌సేట్. "ఇటు తక్కువ పడితే అటు కలుపుండ్రి."

అటు అంటే పడమర. ఆశ్రమం దిక్కు. మయూర్‌ది తప్పు లేదు, సేట్‌ది తప్పు లేదు. సున్నం డబ్బ తీసుకొని మనిషి గీత పోసుకుంట పోయిండు. వంటశాల గోడకు మూరెడు దూరంల నుంచి పోయింది. గీత అయిపోయేసరికి బాయి సేట్ దిక్కు పడ్డది.

అప్పుడే పిల్లలు బడి నుంచి అచ్చిండ్రు. దాహమై అందరు బాయి కాడికి ఉరికి, సున్నం గీత కాడ ఆగిండ్రు. దాటాలెనో వద్దో వాళ్లకు తెల్వలె. అరవై మంది. పక్కోని భూమి మీద కాలు పెట్టొద్దని నేర్సుకున్న పిల్లలు. ముందు నిలవడ్డ ప్రతీక్ష కాలి బొటనవేలు గీతకు ఇవతల్నే ముడుసుకున్నది. నేను అది చూసిన.

"రోషన్ భావు, నీళ్లు తోడుకోనిస్తవు గదా?" అని అడిగింది తాయి.

"నేనున్నన్ని దినాలు అడ్డం లేదు తాయి."

ఆమె తల ఊపింది. మెల్లగ కండ్లద్దాలు తీసి కొంగుతోని తుడుసుకున్నది. పెట్టుకోలె. చేతులనే పట్టుకున్నది.

"కాకా, ఇటు రా," అని మయూర్ పిలిచిండు. పంచనామా కాయిదం, పెన్ను చేతుల పెట్టిండు. మరాఠీల రాసి ఉన్నది: రాళ్ల గోడ మా ఇద్దరి హద్దు, నాకు కబూలు. కింద గీత. యోగేశ్ నా పక్కకు అచ్చి నిలవడ్డడు. వాని ఊపిరి నాకు ఇనవడుతున్నది.

పెన్ను కాయిదం మీద ఆనిచ్చిన. సిరా చుక్క పడ్డది.

గోడ మీద ఆ పిల్ల రాయి కనవడ్డది. కింద వేలంత పెచ్చు. నిలిచే ఉన్నది.

"గోడ హద్దు గాదు," అన్న.

నా గొంతు నాకే కొత్తగ ఇనవడ్డది.

"బాపూ!" అన్నడు యోగేశ్.

"పార తేపో."

వాడు కదలలె. నేనే తెచ్చుకున్న. గోడ దాటి పసుపుల నడిచిన. అందరు ఎంబడి అచ్చిండ్రు. గోడ నుంచి ముప్పై అడుగులు, వాగు ఒడ్డు మీద మద్దిచెట్టు మొదలు నుంచి తొమ్మిది. నలభై మూడేండ్ల నుంచి దున్నినప్పుడల్ల ఆడ నాగలి ఎత్తి దాటిచ్చిన, గొర్రు ఎత్తి దాటిచ్చిన. కండ్లు మూసినా తప్పను. రెండు పసుపు మొదళ్లు పెరికి పక్కన పెట్టి తవ్విన. జానెడు లోతుకు పార ఖణేల్ మన్నది.

మన్ను చేతులతోని తీసిన. చెక్కిన రాయి. నెత్తి మీద గుర్తు. మా నాయిన తొక్కిన మన్ను దానికి అట్లనే అంటుకొని ఉన్నది.

మయూర్ కట్టె తెచ్చి దాని మీద పెట్టిండు. మిషిని కూసింది. తెర చూసిండు, నక్ష చూసిండు, మళ్ల తెర చూసిండు.

"రెండు వేళ్లు గూడ తేడా లేదు," అన్నడు మెల్లగ. "కాకా, నీకెట్ల తెలుసు?"

"నాగలి తాకింది."

"ఎప్పుడు?"

"నలభై మూడేండ్ల కింద."

తాయి కండ్లద్దాలు పెట్టుకున్నది. రాయిని చూసింది, పసుపు చెక్కను ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది, నన్ను చూసింది. నన్ను తిడితే మంచిగుండేది అనిపిచ్చింది.

"అంటే రామస్వామి," అన్నది, "ప్రతి క్రిస్మస్‌కు మా పసుపు మాకే మూట కట్టి ఇచ్చినవన్నట్టు."

"ఔ తాయి."

"దానికి మేము నీ పేరు చెప్పి ప్రార్థన గూడ చేసినం."

"ఔ."

ఆమె మొఖంల ఏదో కదిలింది. కోపం అనుకున్న. నవ్వు. కండ్లల్ల నీళ్లు గూడ ఉన్నయి, నవ్వు గూడ ఉన్నది. "చానేండ్లు పట్టింది గని, దేవునికి ఇనవడ్డట్టే ఉన్నది," అన్నది.

అటెనుక గోడ ఎట్ల నడిచిందో చెప్పిన. మా రాళ్లు, వాళ్ల శనివారాలు. తాయి రెండు చేతులు నోటి మీద పెట్టుకున్నది. "నేనూ ఏరిన," అన్నది. "చిన్నప్పుడు నేనూ ఏరి లోపలికి పేర్చిన. పెద్దమ్మ సూస్తే కొడ్తదని, తొందర తొందరగ!"

"పసుపు ఇంక భూమిలనే ఉన్నది," అన్నడు యోగేశ్. తల వంచుకొనే అన్నడు. "నా పైపులు గూడ ఉన్నయి."

"పసుపు తవ్వుకో బిడ్డా, పైపులు సుట్టుకో," అన్నది తాయి. "నువ్వు పెట్టిన పంట నీది. మన్ను మాది."

మయూర్ మనిషి పడమటి గీతను చీపురుతోని ఊడ్సిండు. సేట్ జాగకు, ఆశ్రమానికి నడుమ కొత్త గీత తన జాగల తను పడ్డది. బాయి ఇవతల నిలిచింది. పిల్లలు ఒక్కసారి ఉరికిండ్రు. గిరక సప్పుడు మొదలైంది, ఆగలె.

*

ఇగ గోడ సేట్ జాగ నడుమల పడ్డది. "జేసీబీ పెట్టి తీపిస్త," అన్నడాయన. "గోదాం పునాదికి పనికస్తది. రాళ్లకు వేరే ధర ఇస్త."

"భూమి అమ్మినం భావు, రాళ్లు అమ్మలె," అన్నది తాయి.

సేట్ గోడను ఈ చివర నుంచి ఆ చివరకు చూసిండు. హోళీ దాకా గడువు ఇచ్చిండు.

మేము పసుపు తవ్వి, పైపులు సుట్టినం. యోగేశ్ నాతోని ఇరవై దినాలు మాట్లాడలె. చంద్రభాగ మాత్రం రొట్టె మాడకుంట ఏసింది.

హోళీ ముందు ఆదివారం. మోదుగులు ఆకు లేకుంట మొత్తం పూసి ఉన్నయి. పొద్దుగాల నేను వాగు కాడ మొఖం కడుక్కుంటుంటే రోడ్డు మీద జీపు ఆగింది. నలుగురు దిగిండ్రు. ఎనుక ఇంకో జీపు. కిన్వట్‌ల రైలు దిగినోళ్లు ట్రాక్టర్ ఎక్కి అచ్చిండ్రు. మోటరుసైకిళ్లు. పది గంటల వరకు రోడ్డు పొడుగుత బండ్లే. తాయి ఫోన్ల ఒక్క ముక్క రాసిందట: గోడ జరుపుతున్నం, ఎవరి రాయి వాళ్లు మొయ్యాలె.

ఇన్నేండ్లల్ల ఇంతమంది పెరిగి పోయిండ్రని నాకు తెల్వలె. నేను ఎప్పుడు చూసినా అరవై మందే కనవడ్డరు. పోయేటోళ్లు పోంగ, కొత్తోళ్లు అచ్చేటోళ్లు. ఇప్పుడు అందరు ఒక్కసారి నిలవడ్డరు. నాందేడ్ దవాఖాన్ల నర్సు, రైల్వే గేటు చూసేటాయన, లారీ డ్రైవరు, పోలీసు బట్టలల్ల ఒక ఆడామె, నెత్తి నెరిసిన మేస్త్రి. కొందరు తెలుగు, కొందరు మరాఠీ, కొందరు కోలాముల మాట. కొందరిని నేను గుర్తుపట్టిన. గోడ మీదికెళ్లి పండు అడిగిన మొఖాలే, పెద్దగైనయి అంతే.

వాళ్లు గోడ ఎంబడి నడుచుకుంట, చేతులతోని రాళ్లను తాకుకుంట పోయిండ్రు. దేవులాడుడు చానసేపు పడ్తదనుకుంటరా? ఒక్కొక్కరు సీదా పోయి ఆగిండ్రు. చెట్టుకు ఇన్ని అడుగులు, రోడ్డుకు ఇన్ని అడుగులు అని ఎవరి గుర్తు వాళ్లకు ఉన్నది. నేను నా హద్దురాయిని గుర్తుపెట్టుకున్నట్టే.

లారీ డ్రైవరు ఆరడుగుల మనిషి. తన రాయి ఎత్తి అరచేతుల పెట్టుకొని చూసిండు. కొబ్బరికాయంత ఉన్నది.

"ఇదేనా!" అన్నడు. "దీన్ని మోసుకుంట నేను దారంత ఏడ్సిన్నే!"

అందరు నవ్విండ్రు. ఆయన నవ్వలె. దాన్ని రొమ్ముకు ఆనిచ్చుకొని నిలవడ్డడు.

రాళ్లు లేపుతుంటే వాటి కింద నుంచి ఏమేమో ఎల్లినయి. పాము కుబుసం, తొండ గుడ్లు, ఊరవిష్క గూడు. గోటీలు. బలపం ముక్క. సిలుము పట్టిన సీస మూత. పూసల దండ ఒకటి. నర్సమ్మ అది చేతులకు తీసుకొని ఎవ్వరికి చూపకుంట కొంగున ముడేసుకున్నది. ఎవరికి చెప్పుకోవాల్నో తెల్వని పిల్లలు తమ రాయి కింద దాసుకున్నరు. ఆ గోడకు అంత పక్కన పుట్టి పెరిగి, నేను అది రాళ్ల గోడనే అనుకున్న.

తాయి ముందుగ తన రాయి ఎత్తింది. నల్లది, నడుమ తెల్లగీత. సేట్ జాగకు, ఆశ్రమానికి నడుమ పోసిన కొత్త సున్నం గీత దాకా నడిచింది. గీతకు ఇవతల పెట్టబోయి ఆగింది. అలవాటు. వంగి చూసి, సరిగ్గ గీత మీద పెట్టింది.

"గీత మీదనే పెట్టుండ్రి," అని గట్టిగ అన్నది. "ఇవతలికి వద్దు, అవతలికి వద్దు. మనది మనదే."

ఎనుక అందరు కదిలిండ్రు. ఇన్నూరు మున్నూరు మంది, ఒక్కొక్కరి చేతుల ఒక్కొక్క రాయి, ఎవ్వరు తొందర పడకుంట. దుమ్ముల వాళ్ల అడుగుల సప్పుడు, రాయి మీద రాయి ఆనిన సప్పుడు. నేను మద్దిచెట్టు కింద నిలవడి చూసిన. నా రుమాలు ఎప్పుడు నెత్తి మీదికెళ్లి తీసిన్నో నాకు తెల్వలె, చేతుల ఉన్నది. గోదావరి పుష్కరాలల్ల గూడ నేను అంత జనం చూసిన. కని గిట్ల నాకు కాలేదు.

రాని వాళ్ల రాళ్లు, చచ్చిపోయిన వాళ్ల రాళ్లు మిగిలినయి. వాటిని ఇప్పటి పిల్లలు మోసిండ్రు. కింది వరుసల శనివారం రాళ్లకు యోగేశ్ ట్రాక్టర్ తెచ్చిండు. నేను అడగలె. వాడే తెచ్చిండు.

పొద్దు వంగేటప్పుడు తాయి నా కాడికి అచ్చింది. చేతులకు దుమ్ము.

"రామస్వామి, నిలవడి చూసుడేనా? నీది తే."

"నాదేముంది తాయి?"

"కొత్తగ అచ్చినోళ్లు మోసేటిది. నువ్వు ఇప్పుడే అచ్చినవ్ గదా."

నేను మా పొలంల దిగిన. తవ్విన పసుపు చాళ్లల్ల ఈ చివర నుంచి ఆ చివరకు చూసిన. కాలితోని మన్ను తన్ని చూసిన. ఒక్క రాయి లేదు. యాభై అరవై ఏండ్లు మేము ఇసిరినయి, వాళ్లు ఏరుకపోయిండ్రు. మంచం మీద పరుపు లెక్క మెత్తటి మన్ను. ఉత్త చేతులతోని తిరిగి అచ్చిన.

"మా దిక్కు లేవు," అన్న.

"మీ రాళ్లు గూడ మా గోడలనే కలిసినయి," అని తాయి మిగిలిన కుప్ప దిక్కు చెయ్యి చూపింది. "ఏదో ఒకటి మీదే అయ్యుంటది. చేతులకు లేచేటంత పెద్దది చూసుకో. ఎవ్వరు సాయం పట్టరు."

చూసుకున్న. వాగు రాయి, నున్నగ, బూడిద రంగు. మా నాయిన ఇసిరిందో, నేను ఇసిరిందో. ఎత్తుతుంటే నడుము కలుక్కుమన్నది. రొమ్ముకు ఆనిచ్చుకొని నడిచిన. పిల్లలు వరుసగ నిలవడి సప్పుడు చెయ్యకుంట చూస్తున్నరు. రెండుసార్లు దించిన, రెండుసార్లు ఎత్తిన. నా ముందల ప్రతీక్ష, ఎనుకకు తిరిగి చూసుకుంట, తొవ్వ చూపుకుంట నడిచింది.

గీత మీద పెట్టిన. ఊగింది.

ఆ పిల్ల అప్పటికే నేల దేవులాడుతున్నది.